షినానో నో కుని: ఆరు చరణాలూ పాడాలా? శ్రుతి, మాత్రలు, ఆ నాలుగో చరణం సంగతి

తొలకరి (ప్రశ్న):

నగానోలో ఉంటున్న తెలుగువాళ్ళం పన్నెండుమందిమి ఇక్కడి సాంస్కృతిక సభలో ఈ ప్రాంతపు పాట పాడాలనుకుంటున్నాం. ఆరు నిమిషాలు ఇచ్చారు. కీబోర్డు ఒకటి, వేణువు ఒకటి ఉన్నాయి. ముగ్గురికి కర్ణాటక సంగీతం వచ్చు. మిగతావాళ్ళం హిరగానా (జపనీసు అక్షరమాల) చదవగలం, కంజి (చైనా నుంచి వచ్చిన బొమ్మల్లాంటి అక్షరాలు) అంతంతమాత్రం. వచ్చేవాళ్ళలో పెద్దవయసువాళ్ళే ఎక్కువ కాబట్టి వాళ్ళకి తెలిసిన పాటే కావాలి.

షినానో నో కుని (షినానో అంటే నగానో పాత పేరు), ఫురుసాతో, కిసోబుషి, కితాగుని నో హారు అనుకున్నాం. మొదటిదాంట్లో ఆరు చరణాలున్నాయి. నాలుగో చరణం దగ్గర బాణీ పూర్తిగా మారిపోతోంది. మా దగ్గరున్న రికార్డింగులో తేడానా, లేక పాటే అంతా? ఆరూ పాడాలా, కొన్ని వదిలేస్తే తప్పుపడతారా? జపాన్ పాటలన్నీ మోహనమే, ఆ రాగంలో నాలుగు రోజులు సాధన చేస్తే చాలని మాలో ఒకరు అంటున్నారు. అది ఎంతవరకు నిజం? తెలుగు లిపిలో రాసుకుని పాడితే ఉచ్చారణ చెడిపోతుందా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

---

మాత్రాగణం:

తొలకరి గారూ, రికార్డింగు సరైనదే. పాటే అంత. మొదటి మూడు చరణాలు, అయిదు, ఆరు ఒకే బాణీలో కవాతులాగా హుషారుగా నడుస్తాయి. నాలుగోది ఒక్కటే వేరే బాణీ, నడక కూడా నెమ్మది. అక్కడే బృందాలు తడబడతాయి. మూడో చరణం ఊపులోనే నాలుగోదానిలోకి దూకేస్తారు, రెండు పాదాలయ్యాక గాని లయ మారిందని తెలియదు. మూడో చరణం ఆఖరి పాదంలో వేగం తగ్గించి, ఒక బార్ కీబోర్డుకి వదిలి, అప్పుడు అందుకోండి. నాలుగోది అయ్యాక మళ్ళీ పాత వేగానికి రావాలి. దానికి ఒకరు చేత్తో తాళం చూపిస్తూ ముందు నిలబడటం తప్పనిసరి.

చరణాలు ఎంచుకోవాలంటే ముందు పాట కట్టుబడి తెలియాలి. 1899లో అసాయ్ కియోషి రాశారు. మత్సుమోతో సంస్థానపు సమురాయ్ కుటుంబంలో పుట్టి, నగానో నార్మల్ స్కూల్లో, అంటే ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో, పాఠాలు చెప్పినవారు. ఇప్పుడు పాడుతున్న బాణీ 1900లో కితమురా సుయెహారుది. ఆయనదీ అదే స్కూలు. నగానో ప్రిఫెక్చర్ (మన రాష్ట్రంలాంటి పాలనా విభాగం) అధికారిక గీతంగా ప్రకటించింది మాత్రం 1968లో. అప్పటికే బళ్ళ ద్వారా తరాల తరబడి అందరి నోళ్ళలో నానిన పాట అది.

మొదటి చరణం భూగోళం. పది దేశాలు సరిహద్దుగా ఉన్న నేల, ఎత్తయిన కొండలు, దూరం పారే నదులు, నాలుగు మైదానాలు: మత్సుమోతో, ఇనా, సాకు, జెన్‌కోజి. సముద్రం లేదు గాని దేనికీ లోటు లేదంటుంది. ఆ పది పాతకాలపు దేశాలు: ఎచిగో, కోజుకే, ముసాషి, కాయ్, సురుగా, తోతోమి, మికావా, మినో, హిదా, ఎచ్చూ. నేటి పటంలో లెక్కిస్తే సరిహద్దు ప్రిఫెక్చర్లు ఎనిమిదే. మీవాళ్ళలో ఎవరైనా పటం ముందేసుకుని పాటలో లెక్క తప్పిందంటే ఇది చెప్పండి.

రెండో చరణంలో కొండలు, నదులు. ఒంతాకే, నోరికురా, కొమగాతాకే, అగ్నిపర్వతం అసామా. ఉత్తరానికి సాయ్, చికుమా నదులు, దక్షిణానికి కిసో, తెన్ర్యూ. మూడోది బతుకుతెరువు: కిసో లోయ కలప, సువా సరస్సు చేపలు, ధాన్యం, మల్బరీ, పట్టుపురుగులు. నాలుగు పేరున్న చోట్లు. అయిదు ఈ నేలకి చెందిన పెద్దలు: కిసో యోషినాకా, నిషినా మొరినోబు, దజాయ్ షుందాయ్, సకుమా షోజాన్. ఆరోది ఉసుయ్ కనుమ, అక్కడ తొలిచిన ఇరవైయారు సొరంగాలు, పొగబండి, చివరికి చదువు. రాసినప్పటికి ఆ కనుమ రైలు వచ్చి ఆరేళ్ళే. 1893లో పళ్ళ పట్టాలు వేసి మరీ బండిని కొండెక్కించారు. యోకోకావా, కరుయిజావాల మధ్య ఆ దారి 1997లో మూతపడింది.

అసాయ్ గారి నేర్పు నాకు ఎక్కడ కనిపిస్తుందంటే, ఎవరి ఊరినీ తక్కువ చేయలేదు. ఉత్తరానికి రెండు నదులిస్తే దక్షిణానికీ రెండే ఇచ్చారు. నాలుగు మైదానాలూ ఒకే పాదంలో పక్కపక్కన కూర్చున్నాయి. ఆ ప్రాంతానికి ఇది చిన్న విషయం కాదు. మత్సుమోతో కేంద్రంగా ఉన్న చికుమా ప్రిఫెక్చర్‌లోని షినానో భాగాన్ని 1876లో నగానోలో కలిపారు. విడిపోవాలన్న మాట ఆ తర్వాత పదేపదే లేచింది. 1948లో విభజన తీర్మానం ప్రిఫెక్చర్ సభ ముందుకు వచ్చినప్పుడు, గ్యాలరీలో కూర్చున్న జనం ఈ పాట ఎత్తుకున్నారు. విభజన ఆగింది. సభ నిబంధనల పోరు కూడా అందులో ఉంది గాని, అక్కడి పెద్దవాళ్ళ నోట వినిపించేది మాత్రం పాట సంగతే. అందుకే ఒక ప్రాంతానికి సంబంధించిన చరణం మాత్రమే పాడటం మంచిది కాదు. 1, 4, 6 పాడండి. నేల, పేరున్న చోట్లు, ముందుచూపు మూడూ వస్తాయి, రెండు బాణీలూ వినిపిస్తాయి. చరణాలు వదిలితే తప్పుపట్టేవాళ్ళు ఉండరు.

ఇక లిపి. తెలుగులో రాసుకోవడం చెరుపు చేయదు సరికదా, మేలే చేస్తుంది, సరిగ్గా రాస్తే. జపనీసు పాటకి ప్రాణం మాత్ర. మన ఛందస్సులో లెక్కపెట్టినట్టే: హ్రస్వం ఒకటి, దీర్ఘం రెండు, 'న్' పొల్లుకి ఒకటి, ద్విత్వానికి అదనంగా ఒకటి. ఎ-ఏ, ఒ-ఓ తేడా చూపే లిపి మనకుంది. చిక్కు ఎక్కడంటే పత్రికల్లో చూసిన అలవాటు. నగానో, షినానో, ఫురుసాతో అని దీర్ఘాలు పెట్టేస్తాం. పాడేటప్పుడు అవి న-గ-నొ, షి-న-నొ, ఫు-రు-స-తొ. అన్నీ హ్రస్వాలే. మాటల్లో ఎలా అన్నా సరే, పాట కాగితం మీద మాత్రం ఇలా రాయండి.

మొదటి పాదం: షి-న-నొ-నొ-కు-ని-వ / జి-ష్-షు-ఉ-ని. ఏడు, అయిదు. పాట మొత్తం ఈ 7-5 నడకే. అయితే కొన్నిచోట్ల మాత్ర పొంగుతుంది. మొదటి చరణంలో 'మౘుమొతొ ఇన సకు' ఎనిమిది. రెండో చరణంలో 'మినమి ని కిసొగవ / తెన్ర్యూగవ' ఎనిమిది, ఆరు. నాలుగులో 'నెజమె నొ తొకొ', 'ఒబసుతెయమ' ఆరేసి. ఆరులో 'ముకషి నొ హితొ ని య' ఎనిమిది. ఆ అదనపు మాత్ర కోసం తాళాన్ని సాగదీయకూడదు, ఒక స్వరాన్ని రెండుగా చీల్చి అందులోనే ఇమడ్చాలి. సాధనలో ఈ పాదాలను విడిగా, పాడకుండా, చప్పట్లతో పదిసార్లు చదివించండి.

ద్విత్వం దగ్గర మనవాళ్ళు 'ష్ష' అని ఊదుతూ పోతారు. జిష్షూలో ఆ ఒక మాత్ర పొట్టిగా ఆగినట్టుండాలి. 'త్సు' అనే ధ్వనికి కష్టపడక్కర్లేదు, 'చుక్క'లో మనం పలికే దంత్య చకారమే అది. కాగితం మీద ౘు అని రాసుకుంటే ఎవరూ 'చు' అనరు.

కంజి చూసి చదివేవాళ్ళు మోసపోయే చోట్లు కూడా ఉన్నాయి. సువా సరస్సు దగ్గర రాసేది సరస్సు అక్షరం, పాడేది 'ఉమి'. సొరంగం మాట కంజిలో ఉన్నా పాడేది 'తొన్నెరు'. చికుమా అని చదవాలనిపించే వేడినీటి బుగ్గ నాలుగో చరణంలో 'ౘుకమ నొ యు'. సకుమా షోజాన్ పేరు ఈ పాటలో 'జోజన్'. హిరగానా వేసిన ప్రతి తెచ్చుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

---

మంద్రస్థాయి:

మోహనం మాట గురించి. సగం నిజం, ఆ సగమే ఇబ్బంది.

పాశ్చాత్య మేజర్ స్కేల్లోంచి నాలుగు, ఏడు స్వరాలు తీసేసిన మెట్టుని జపాన్‌లో యోనానుకి అంటారు. స రి గ ప ద, అంటే స్వరాలవరకు మోహనమే. మెయ్‌జీ కాలం నుంచి బడిపాటలకి, తర్వాత సినిమా పాటలకి, ఎన్‌కాకి (పాతతరం భావోద్వేగపు జనరంజక పాటలు) అది బాగా వాడారు. కితాగుని నో హారు ఆ కోవలోదే. కానీ ఫురుసాతో మోహనం కాదు. 1914లో ఆరో తరగతి పాఠ్య గీతంగా వచ్చిన ఆ పాటకి బాణీ కట్టింది ఒకానో తెయిచి. తొత్తోరి మనిషి, చర్చిలో చాలా ఏళ్ళు ఆర్గన్ వాయించినవారు. మొదటి రెండు పాదాలు చూడండి:

స స స | రి , గ రి | గ గ మ | ప | మ ప ద | గ , మ గ | రి రి ని | స

మూడు దెబ్బల తాళం. రెండో బార్‌లో రి ఒకటిన్నర, గ అర, రి ఒకటి. ఆరో బార్ కూడా ఇదే కొలత. మధ్యమం ఉంది, మంద్ర నిషాదం ఉంది. శంకరాభరణం స్వరాలన్నీ ఉన్నాయి. మోహనంలో సాధన చేసి వచ్చిన గొంతు 'గ గ మ ప' దగ్గర మ మింగేసి 'గ గ గ ప' అనేస్తుంది. విన్న ప్రతి జపనీయుడికీ అది వెంటనే తెలుస్తుంది, బడిలో నేర్చుకున్న పాట కదా. మంద్ర నిషాదం మీద నిలబడకుండా షడ్జం చేరడం కూడా విడిగా సాధన చేయాలి.

ఇంకో సంగతి గమకం. కర్ణాటకం వచ్చిన ముగ్గురినీ గమకాలు పూర్తిగా వదిలేయమనండి. ఫురుసాతోలో, షినానో నో కునిలో స్వరం గీత గీసినట్టు నిలవాలి. గాంధారం కాస్త ఊగినా పన్నెండు గొంతులు కలవవు. ఆ ముగ్గురినీ ఒకచోట నిలబెట్టకుండా నాలుగేసి మందికి ఒకరు చొప్పున పంచితే శ్రుతి నిలుస్తుంది.

మిగతా మెట్లు కూడా చెప్తాను, పాట వినగానే పోల్చుకోడానికి పనికొస్తాయి. హొక్కాయిదో హెర్రింగ్ చేపల వేట పాట సోరాన్ బుషి మిన్‌యో (జానపద) మెట్టు: స గ2 మ1 ప ని2, మన శుద్ధ ధన్యాసి స్వరాలు. ఒకినావా పాట తిన్సగు ను హానా ర్యూక్యూ మెట్టు: స గ3 మ1 ప ని3, అంటే గంభీరనాట స్వరాలు. ఫుకుఒకా వాళ్ళ కురొదా బుషి ఇప్పుడు పాడే తీరులో మియాకో బుషి మెట్టు: స రి1 మ1 ప ద1, కర్ణాటక శుద్ధ సావేరి. ఎన్‌కాలో ఏడుపు పలికించే యోనానుకి మైనర్‌కి మాత్రం మనకి బాగా తెలిసిన రాగం లేదు. శివరంజనిలో ద2 తీసి ద1 పెడితే ఆ స్వరాలు వస్తాయి. ఇవన్నీ స్వరాల పోలికలే, రాగాల పోలికలు కావు. సంచారం, విశ్రాంతి స్వరాలు వాళ్ళవి వేరు. శుద్ధ ధన్యాసి పట్టులతో సోరాన్ బుషి పాడితే అది సోరాన్ బుషి అనిపించదు.

---

వెదురుపొద:

కిసోబుషి సంగతి ఎవరూ ముట్టుకోలేదు. తొలకరి గారూ, పెద్దవాళ్ళ సభంటున్నారు కాబట్టి దాన్ని వదలొద్దు. కిసో లోయ జానపదం, బోన్ పండుగలో వలయంగా తిరుగుతూ ఆడే పాట. మాటలు నాలుగు ముక్కలు, 7-7-7-5: 'కిసొ నొ ఒన్తకె / నౘు దెమొ సముయ్ / అవసె యరితయ / తబి సొఎతె'. ఒంతాకే కొండ మీద వేసవిలోనూ చలి, అస్తరు వేసిన బట్ట పంపాలనుంది, మేజోళ్ళు కూడా జతచేసి. మాటల మధ్యలో 'నకనొరిసన్', 'నన్‌జర హొయ్', చివర 'యొయ్ యొయ్ యొయ్' అనే వంతపాటలు దూరతాయి. అసలు పాదం ఒక గొంతుకిచ్చి, వంతలు మిగతా పదకొండు మందికీ ఇవ్వండి. సభలోవాళ్ళు కూడా వంత కలుపుతారు.

దీన్ని స్వరం రాసుకుని నేర్చుకోకండి. ఒక్కో గాయకుడి కొబుషి, అంటే అచ్చు చివర వేసే విరుపు, ఒక్కోలా ఉంటుంది. ఒకే గాయకుడి రికార్డింగు పట్టుకుని ఆ విరుపులే నేర్చుకోవాలి. రెండు మూడు రికార్డింగులు కలిపితే పన్నెండుమంది పన్నెండు రకాలుగా విరుస్తారు. విరుపు అచ్చు తోకలో చిన్నగా వచ్చి పోతుంది. స్వరం మొదట్లోనే ఊపేస్తే మన గమకంలా వినిపిస్తుంది.

శ్రుతి దగ్గర ఒక అయోమయం వస్తుంది, ముందే చెప్తా. మిన్‌యో వాళ్ళు శ్రుతిని 'హొన్'లలో చెప్తారు. ఒకటో హొన్ అంటే ఎ, ఒక్కో హొన్‌కి అర మెట్టు పైకి. నాలుగో హొన్ సి, ఆరో హొన్ డి. మన లెక్కలో సి ఒకటో శ్రుతి, డి రెండో శ్రుతి. అక్కడి కళాకారులెవరైనా సాయం వచ్చి 'నాలుగు హొన్' అంటే మీవాళ్ళు నాలుగో శ్రుతి, అంటే ఎఫ్, ఎత్తుకుంటారు. ఎ, సి, డి అనే స్వరాల పేర్లతోనే మాట్లాడండి. ఒక షకు ఎనిమిది సున్ పొడవున్న మామూలు షకుహాచికి (జపాన్ వెదురు వేణువు) అన్ని రంధ్రాలూ మూస్తే వచ్చేది డి, ఆరు హొన్. మీ వేణువు ఏ శ్రుతిదో చూసి పాటని దానికి తగ్గట్టు దించండి గాని గొంతుల్ని పైకి లాగొద్దు. సభ గొంతు కలపాలంటే శ్రుతి తక్కువగానే ఉండాలి.

ఎసాషి ఒఇవాకే మాత్రం ఈసారికి ముట్టుకోకండి. హొక్కాయిదోలో ఎసాషి పట్టణపు పాట అది, ఏటా జాతీయ పోటీ పెట్టి పాడిస్తారు. దాని వేరు మాత్రం మీ నగానోలోనే ఉంది. కరుయిజావా దగ్గరి ఒఇవాకే మజిలీలో గుర్రాలవాళ్ళు పాడుకున్న పాట ఎచిగో మీదుగా ఓడల దారిన ఉత్తరానికి చేరింది. సభలో ముందుమాటగా ఇది ఒక్క వాక్యం చెప్పండి, అక్కడివాళ్ళు సంతోషిస్తారు. పాడటం వేరే సంగతి. ఏడు పట్టులు, ఒక్కో పట్టుకి ఒకే ఊపిరి, తాళం లేదు. బృందగానానికి కుదిరేది కాదు.

---

తొలకరి:

చాలా సంతోషమండీ అందరికీ. మాత్రాగణం గారూ, చప్పట్లతో చదివించే పద్ధతి ఇవాళే మొదలుపెడతాం. షినానో నో కుని 1, 4, 6, తర్వాత కిసోబుషి, చివర ఫురుసాతో ఒక చరణం. ఆరు నిమిషాల్లో పడుతుందా? కితాగుని నో హారు కూడా పెట్టమని ఇద్దరు పట్టుబడుతున్నారు. కాపీరైటు చిక్కులేమైనా ఉంటాయా? వీడియో తీసి పెట్టాలని కూడా ఉంది.

---

మాత్రాగణం:

కితాగుని నో హారు వదిలేయమనే నా సలహా, హక్కుల కోసం కాదు, సమయం కోసం. అది 1977లో సెన్ మసావో పాడింది. ఆయనది ఇవాతే. మాటలు రాసిన ఇదే హాకు మాత్రం నగానో మనిషి, సొంతూరి కొండల్నే మనసులో పెట్టుకుని రాశారు. కాబట్టి మీ సభకి అతకని పాటేం కాదు. అయినా మూడు చరణాలూ పాడితే గాని కథ పూర్తవదు, మీకున్న సమయం దానికే అయిపోతుంది.

హక్కుల లెక్క ఇది. జపాన్‌లో 2018 డిసెంబరు 30 నుంచి రచయిత పోయాక 70 ఏళ్ళు, అంతకుముందు 50. అప్పటికే గడువు తీరినవాటికి హక్కు తిరిగి రాదు. షినానో నో కుని రచయిత 1938లో పోయారు, బాణీ కట్టినవారు అంతకంటే ముందే. ఫురుసాతో మాటలు తకానో తత్సుయుకివి, 1947లో పోయారు, ఒకానో 1941లో. రెండు పాటలూ ఎవరైనా పాడుకోవచ్చు. కిసోబుషి జానపదం. కితాగుని నో హారు స్వరకర్త ఎండో మినోరు పోయింది 2008లో, దానికి హక్కు ఉంది. టికెట్టు లేకుండా, లాభం లేకుండా, పాడినవాళ్ళకి డబ్బివ్వకుండా జరిగే సభలో అనుమతి లేకుండానే పాడొచ్చు. మూడు షరతులూ ఉండాలి, ఒక్కటి తప్పినా కుదరదు. వీడియో పెట్టడం దీని కిందికి రాదు, విడిగా చూసుకోవాలి. పాతపాటైనా సరే, కొన్న కరావొకే ట్రాకు మీద పాడి వీడియో పెట్టకండి, ఆ రికార్డింగు హక్కు వేరేవాళ్ళది. మీ కీబోర్డు మీదే పాడండి.

సమయానికి: షినానో చరణం ఒక్కోటి ముప్పావు నిమిషం అటూఇటూ, నాలుగోది ఇంకాస్త ఎక్కువ. మూడు చరణాలకి రెండున్నర నిమిషాలు పెట్టుకోండి. కిసోబుషి రెండు విడతలు, ఫురుసాతో ఒక చరణం కలిపి రెండున్నర దాటకూడదు. ముందుమాటకి, పాటల మధ్య శ్రుతి మార్చుకోడానికి ఒక నిమిషం మిగులుతుంది. వీలైతే మూడు పాటలకీ ఒకే శ్రుతి పెట్టుకోండి, ఆ మార్పిడి తప్పుతుంది.

---

మంద్రస్థాయి:

వరుస మార్చండి. ఫురుసాతో నెమ్మది పాట, దేశమంతటికీ తెలిసినది. మాటలు రాసిన తకానో ఇప్పటి నకానో పట్టణ ప్రాంతంలో పుట్టినవారు, నగానోకి సొంతమనే అనుకుంటారు. దాంతో మొదలుపెట్టండి, గొంతులు కుదురుకుంటాయి. తర్వాత కిసోబుషి. షినానో నో కుని ఆఖరున పెట్టండి. అందులో ఆరో చరణం అవ్వగానే ఆపకుండా మొదటి చరణం మళ్ళీ ఎత్తుకోవడానికి కీబోర్డు సిద్ధంగా ఉంచుకోండి, ఆ ముప్పావు నిమిషం ముందే లెక్కలో పెట్టుకుని కిసోబుషి ఒక విడతకి తగ్గించండి. నగానోలో బడికెళ్ళినవాళ్ళకి మొదటి చరణం కంఠతా వచ్చు, సభ లేచి నిలబడి పాడుతుంది. అప్పుడు మీ పన్నెండుమందీ గొంతు కొంచెం తగ్గించాలి, వేగం మాత్రం తగ్గించకూడదు. పెద్ద గుంపు పాడేటప్పుడు లయ వెనక్కి లాగుతుంది, కీబోర్డు ఎడమచేతి దెబ్బ గట్టిగా పడుతుంటేనే నిలుస్తుంది.